బేరం తువ్వాలుకి అంటిన మట్టి

హలో... హలో, వినపడుతోందాండీ? అందరికీ నమస్కారం. భోజనాలు అయ్యాయా? చేతిలో పని ఉంటే కాసేపు పక్కన పెట్టి వినండి. ముందే చెబుతున్నాను, ఇది నవ్వుకునే కథ కాదు.

నేను ఒక తువ్వాలుని. తెల్లటి నూలు, రెండు పక్కలా ఎర్ర అంచు. చీరాల దగ్గర ఒక ఊళ్లో గుంటమగ్గం మీద పుట్టాను. నేసిన మనిషి మొహం సరిగ్గా చూడలేదు, గుంటలో ఆడుతున్న ఆయన కాళ్లే గుర్తు. నన్ను కొన్నది చెంచయ్య. ఒంగోలు చుట్టుపక్కల పశువుల సంతల్లో ఎడ్ల బేరాలు కుదిర్చే దళారి. ఆయన భుజాల మీద ఎప్పుడూ రెండు తువ్వాళ్లు ఉండేవి. కుడి భుజం మీదిది చెమట తుడుచుకోవడానికి, బస్సులో సీటు పట్టుకోవడానికి. ఎడమ భుజం మీద నేను. నాతో ఏనాడూ ఏదీ తుడిచేవాడు కాదు. నాకు ఒకటే పని, బేరం.

తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి చెబుతాను. సంతలో ధర పైకి చెప్పరు. దళారి, అమ్మేవాడు చేతులు కలుపుతారు, ఆ చేతుల మీద తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్లతోనే మాట. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అరచెయ్యి మొత్తం పట్టుకుంటే ఐదు, మణికట్టు నొక్కితే పది. తర్వాత దళారి అదే విధంగా కొనేవాడి చెయ్యి పట్టుకుంటాడు. పైన మాత్రం వానల గురించి, పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. చుట్టూ పాతికమంది నిలబడి చూస్తున్నా ఎద్దు ఎంతకు పోయిందో ఒక్కడికి తెలియదు. నాకు తెలుసు. ఎవడి వేలు వణికిందో, ఎవడి అరచెయ్యి తడిసిందో కూడా నాకు తెలుసు. మనుషులు నోటితో ధైర్యంగా మాట్లాడుతూ చేత్తో భయపడుతుంటారు. ఇది నేను గమనించిన విషయం.

చెంచయ్య మంచి దళారి. కానీ ఒక్కసారి తప్పు చేశాడు, అది కూడా చెప్పాలి. బూడిద రంగు ఎద్దు ఒకటి వచ్చింది. చూడ్డానికి ఏనుగు పిల్లలా ఉంది, కాడి కింద పెట్టి నాలుగు చాళ్లు తిప్పితే పడుకుంటుంది. ఆ సంగతి అమ్మేవాడు నా కింద వేళ్లతోనే చెప్పాడు, కమీషన్ రెట్టింపు అని కూడా వేళ్లతోనే చెప్పాడు. చెంచయ్య ఊరుకున్నాడు. కొన్నది పున్నారెడ్డి అనే చిన్న రైతు. ఆ ఏడు అతని పొలంలో అదునుకు దుక్కి కాలేదు. మరుసటి ఏడు సంతకు వచ్చాడు. తిట్టలేదు, కొట్టలేదు. చెంచయ్య ఎదురుగా నిలబడి నన్ను చూశాడు. కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నం దగ్గర చెంచయ్య చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. సంతలో ఎడ్లు తగ్గాయి, దళారులు కూడా తగ్గారు. చెంచయ్య మాత్రం ఇంట్లో కూర్చోలేకపోయాడు. బైపాస్ రోడ్డు మీద పాత కార్లు అమ్మే యార్డులు లేచాయి కదా, అక్కడికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట్లో అందరూ నవ్వారు. 'కారుకి పళ్లు లెక్కపెడతావా పెద్దాయనా' అన్నారు. కానీ యార్డు వాళ్లకు ఒక ఇబ్బంది ఉండేది. ఒకడికి రెండు లక్షలు తగ్గిస్తే పక్కన నిలబడ్డవాడు విని తనకూ తగ్గించమనేవాడు. చెంచయ్య నన్ను కప్పగానే ఆ ఇబ్బంది తీరిపోయింది. ఎడ్లకు ఒక వేలు అంటే వెయ్యి, కార్లకు ఒక వేలు అంటే లక్ష. అంతే తేడా. నవ్వినవాళ్లే కుర్చీ వేశారు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మస్తాన్‌వలీ అని ఒక డ్రైవర్. నలభై అయిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్లకు కార్లు తోలుతున్నాడు. అన్నీ వేరేవాళ్ల కార్లే. పెళ్లికొడుకును పెద్ద కారులో మండపం దగ్గర దించి, కారు ఓనరు ఇంటి ముందు పెట్టి, తాళాలు ఇచ్చేసి, తాను షేర్ ఆటోలో ఇంటికి వెళ్లేవాడు. ఆ షేర్ ఆటో ప్రయాణమే అతన్ని లోపల తినేసింది. చివరికి కొత్తపట్నం రోడ్డులో ఉన్న మూడు సెంట్ల స్థలం అమ్మాడు. ఉన్నది ఆ స్థలం ఒక్కటే. ఒక పెద్ద విదేశీ కారు కొంటే పెళ్లిళ్ల సీజన్లో తన బతుకు తనదవుతుందని అతని లెక్క. భార్య ఖాసింబీ అడ్డు చెప్పలేదు. 'చెంచయ్య బాబాయ్‌ని తీసుకెళ్లు' అని మాత్రం అంది.

హరిబాబు యార్డులో ఆ కారు ఉంది. తెల్లది, పొడుగుది, పైకప్పు అద్దం తెరుచుకునేది. ఏడేళ్ల పాతది. కొత్తగా కొంటే డెబ్బై లక్షలట, హరిబాబు ఇరవై ఒకటి చెప్పాడు. మస్తాన్‌వలీ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు కానీ తాకలేదు. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని అప్పుడు తలుపు పట్టుకున్నాడు.

ఇక్కడే చెంచయ్య ఒక పొరపాటు చేశాడు. సంతలో ఒక పద్ధతి ఉంది. ముందు బయానా ఇస్తారు, ఇచ్చాక ఎద్దును విప్పించి, నడిపించి, కాడి కట్టి చూస్తారు. లోపం దొరికితే బయానా తిరిగి చేతిలో పడుతుంది. అది అడగాల్సిన అవసరం కూడా ఉండదు. చెంచయ్యకు యార్డు కూడా సంతే. 'బయానా ఇచ్చేయ్ మస్తానూ, తర్వాత నిదానంగా చూద్దాం' అన్నాడు. మస్తాన్‌వలీ లక్షన్నర ఇచ్చాడు. హరిబాబు రసీదు రాసిచ్చాడు. రసీదు కింద చిన్న ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. చెంచయ్యకు అవి రావు, మస్తాన్‌వలీ చదవలేదు. నేను బట్టను, నా సంగతి అడగకండి.

తర్వాత నిదానంగా చూశారు. ఇంజను బాగానే ఉంది. ఏసీ బాగానే ఉంది. లోపల ఏదో సెంటు వాసన, ముక్కు పగిలేంత. ఎద్దు ఒంటి మీద మామూలుగా లేని మెరుపు కనపడితే నూనె పూసిన చోటు వెతకడం చెంచయ్యకు అలవాటు. ఆ సెంటు ఆయనకు నచ్చలేదు. వెనక సీట్లో కూర్చుని సీటు బెల్టు లాగాడు. మామూలుగా కట్టుకునేంత కాదు, ఇంకా లాగాడు, ఎద్దు పగ్గం చివరిదాకా లాగి చూసినట్టు మొత్తం బయటికి లాగాడు. పైన బెల్టు నల్లగా కొత్తగా ఉంది. చివర జానెడు మేర మాత్రం రంగు మారింది. చెమట తువ్వాలు ఆయన మోపెడ్ మీదే వదిలేసి వచ్చాడు. చేతికి నేను దొరికాను. పాతికేళ్లలో మొదటిసారి నాతో ఒకదాన్ని తుడిచాడు.

పసుపు రంగు మట్టి. మెత్తటి ఒండ్రు. నా ఎర్ర అంచు పక్కన అంటుకుంది.

అంటే కారు ఎప్పుడో నీళ్లలో మునిగింది. సీట్ల పైదాకా మునిగింది. ఏ ఊళ్లో, ఏ వరదలో అన్నది నాకు తెలియదు. తోలు సీట్లు మార్చారు, కార్పెట్లు మార్చారు, సెంటు కొట్టారు. బెల్టు చివర చుట్టుకుని లోపల దాక్కున్న జానెడు గుడ్డను మర్చిపోయారు.

చెంచయ్య బెల్టు వదిలేశాడు, అది సర్రున లోపలికి పోయింది. నన్ను మట్టి కనపడకుండా మడిచి భుజం మీద వేసుకున్నాడు. ముగ్గురూ ఆఫీసు గదిలోకి వెళ్లారు. టీలు వచ్చాయి. హరిబాబు చెయ్యి చాచాడు. చెంచయ్య తన చెయ్యి కలిపాడు. నన్ను కప్పాడు.

ఇప్పుడు నేను చెప్పేది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

హరిబాబు వేళ్లు పద్దెనిమిది అన్నాయి. చెంచయ్య అతని బొటనవేలి మీద గోటితో గీశాడు. సంతలో దానికి అర్థం, లోపం ఉంది, నాకు తెలుసు అని. హరిబాబు చెయ్యి ఒక్క క్షణం బిగిసింది. తర్వాత హరిబాబే చెంచయ్య చిటికెన వేలు పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఒకటి. కమీషన్ లక్ష రూపాయలు. చెంచయ్యకు నాలుగు నెలలుగా ఒక్క బేరం లేదు. ఎడమ కంటికి శుక్లం ముదిరింది, ఆపరేషన్ వాయిదా వేస్తూ వస్తున్నాడు.

చెంచయ్య చెయ్యి వెనక్కి రాలేదు.

పైన మస్తాన్‌వలీ మాట్లాడుతూనే ఉన్నాడు. కారు ముందు భాగానికి గులాబీలు కట్టాలా బంతిపూలు కట్టాలా అని హరిబాబును అడుగుతున్నాడు. మల్లెలు కడితే ఎండకు వాడిపోతాయని తనే చెబుతున్నాడు. టీ చల్లారిపోయింది, అది కూడా గమనించలేదు. మధ్యలో ఆగి నన్ను చూసి నవ్వాడు.

"బాబాయ్ చెయ్యి లోపలుంటే నాకేం భయం లేదన్నా. ఆయన ఎంతంటే అంత. నేను అడగను కూడా."

చెంచయ్య చెయ్యి తడిసిపోయింది. నా పోగులన్నీ తడిశాయి. ఆయన కళ్లు మస్తాన్‌వలీ మీద లేవు, నా మీద ఉన్నాయి. పున్నారెడ్డి ఎలా చూశాడో అలా.

అప్పుడు నన్ను లాగేశాడు.

బేరం మధ్యలో తువ్వాలు తియ్యకూడదు. తీసినవాడు మళ్లీ దళారిగా కూర్చోలేడు. ఆ సంగతి హరిబాబుకు కూడా తెలుసు. అతని చెయ్యి ఇంకా చెంచయ్య చిటికెన వేలు పట్టుకునే ఉంది, అందరికీ కనపడేలా. చెంచయ్య నన్ను బల్ల మీద పరిచి మట్టి మరక మస్తాన్‌వలీ వైపు తిప్పాడు.

"ఇది నీళ్లలో మునిగిన బండి మస్తానూ. నడిసినన్నాళ్లు ఏడు లక్షలు. ఆగిన్నాడు సున్నా. యాడ ఆగుద్దో ఎవురూ చెప్పలేరు."

హరిబాబు మొదట కోప్పడ్డాడు, తర్వాత కూలబడ్డాడు. తాను కూడా ఫోనులో ఫొటోలు చూసి వేలంలో పదిహేనుకు కొన్నానని, బండి యార్డుకి వచ్చాక ఫ్లోరు కింద మట్టి చూశానని చెప్పాడు. "నన్ను ముంచినోడు ముంచాడు పెద్దాయనా. ఏడుకి ఇచ్చి నేను యార్డు మూసుకోవాలా?" అన్నాడు. అబద్ధం కాదు. అతని చెయ్యి కూడా తడిసే ఉందని నాకు తెలుసు. కానీ తాను మునిగిన గుంటలోకి ఇంకొకర్ని దించి పైకి ఎక్కాలనుకున్నాడు.

మస్తాన్‌వలీ కారు వైపు చూస్తున్నాడు. అద్దంలోంచి అది తెల్లగా మెరుస్తోంది. "ఏడుకి ఇస్తే తీసుకుంటా బాబాయ్" అన్నాడు నెమ్మదిగా. ఇంత తెలిశాక కూడా అన్నాడు. చెంచయ్య తల అడ్డంగా ఊపాడు. ఊరేగింపు మధ్యలో, బ్యాండు మోగుతుంటే, పెళ్లికూతురు లోపల ఉండగా కారు ఆగిపోతే ఆ తర్వాత ఒక్కరు కూడా నిన్ను పిలవరు అని నచ్చజెప్పాడు. మస్తాన్‌వలీ బయానా అడిగాడు. హరిబాబు రసీదు తిప్పి చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. ఏ కారణంగానూ తిరిగి ఇవ్వబడదు. చెంచయ్య ఆ అక్షరాలను చూస్తూ ఉండిపోయాడు. సంతలో కాగితం ఉండదు.

బయటికి వచ్చాక గేటు దగ్గర మస్తాన్‌వలీ ఆగాడు.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు బాబాయ్. మట్టి చూసి కూడా లోపలికి వచ్చి చెయ్యి కలిపావే. నేను పూల సంగతి మాట్లాడకపోతే తీసేవాడివేనా?"

చెంచయ్య మోపెడ్ తాళం కోసం జేబు తడుముకున్నాడు. మస్తాన్‌వలీ షేర్ ఆటో ఎక్కాడు. జవాబు ఏమిటో నాకు కూడా తెలియదు. ఆ చెయ్యి ఎంతసేపు కదలకుండా ఉందో మాత్రం తెలుసు.

మర్నాడు పొద్దున్నే చెంచయ్య యార్డు గేటు ముందు కూర్చున్నాడు. నన్ను గేటు ఊచలకు కట్టాడు, మరక రోడ్డు వైపు. వచ్చినవాళ్లు ఇదేంది పెద్దాయనా అని అడిగితే, లోపలికి పోయి తెల్లబండి బెల్టు లాగి చూడమని చెప్పేవాడు. కేకలు లేవు, తిట్లు లేవు. హరిబాబు మొదటిరోజు బెదిరించాడు. రెండోరోజు మజ్జిగ పంపించాడు. మూడోరోజు సాయంత్రం లక్షన్నర తెచ్చి చెంచయ్య ఒళ్లో పెట్టాడు. చెంచయ్య అది పట్టుకెళ్లి ఖాసింబీ చేతికి ఇచ్చాడు. మస్తాన్‌వలీ ఇంట్లోనే ఉన్నాడు, బయటికి రాలేదు.

ఆ తర్వాత బైపాస్ మీద ఏ యార్డులోనూ చెంచయ్యకు కుర్చీ వెయ్యలేదు. నన్ను ఉతికారు, ఉడకబెట్టారు, నీలిమందు పెట్టారు. మరక పోలేదు. ఇప్పుడు ఎడమ భుజం మీద నేను లేను, ఇంట్లో దండెం మీద ఉన్నాను. మొన్న మస్తాన్‌వలీ వచ్చాడు. స్థలం డబ్బులు బ్యాంకులోనే ఉన్నాయట, ఇంకా వేరేవాళ్ల కారే తోలుతున్నాడట. చాలాసేపు వేరే మాటలు మాట్లాడుకున్నారు. వెళ్లబోతూ, కంటి ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లాలో చెప్పు, నేను తీసుకెళ్తా అన్నాడు. చెంచయ్య సరే అన్నాడు. 

ఇంకొక్క మాట చెప్పి పెట్టేస్తాను. ఆ తెల్ల కారు ఇప్పుడు హరిబాబు యార్డులో లేదని మస్తాన్‌వలీయే చెప్పాడు. ఐదు వారాల తర్వాత రాత్రికి రాత్రి ఎవరో లారీ మీద వేసుకుపోయారు. ఏ ఊరు వెళ్లిందో, ఏ స్థలం అమ్మినవాడు దాని చుట్టూ తిరుగుతున్నాడో నాకు తెలియదు. బెల్టు చివర మట్టి ఇంకా ఉండే ఉంటుంది, చెంచయ్య తుడిచింది జానెడులో సగమే. అందుకని అడుగుతున్నానండీ, ఈ కథ మీ దగ్గర ఆపకండి. పాత కారు కొనబోయే మీ బావగారికో, తమ్ముడికో, గ్రూపులో వాళ్లకో పంపండి. బయానా ఇవ్వకముందే వెనక సీట్లో కూర్చుని, బెల్టు చివరిదాకా లాగి చూడమని చెప్పండి.