రెండో చెవి

సముద్రం అడుగున పెట్టిన మైకులోంచి వచ్చే శబ్దాలను ఒడ్డునున్న గదిలో కూర్చుని వినడం అక్క ఉద్యోగం. పన్నెండేళ్లుగా వింటోంది. ఓడల ఇంజన్ల రొదకు చెవులు చిల్లులు పడ్డాయి గానీ, తల్లి తిమింగలం పిల్లతో మాట్లాడే మాట ఒక్కసారైనా చిక్కలేదు. అంత మోతలో ఎవరు ఎవర్ని పిలిస్తే మాత్రం ఏం వినబడుతుంది?

ఈలోగా రేవులో క్రేన్లవాళ్లు సమ్మెకు దిగారు. తొమ్మిది రోజులు ఒక్క ఓడ కదల్లేదు. నీళ్లు నిశ్శబ్దమైపోయాయి. సరిగ్గా అప్పుడే అక్కకు పన్ను నొప్పి పుట్టింది. ఆమె దవడ వాచి ఇంట్లో పడుకుంటే, ఆమె కుర్చీలో చెల్లి కూర్చుంది. ఆర్నెల్ల క్రితం తన పై అధికారి సారును బతిమాలి చెల్లికి అక్కడ ఉద్యోగం ఇప్పించింది అక్కే.

అక్కడొక పద్ధతి ఉంది. ఒకరు విని రాసింది చూడకుండా, ఇంకొకరు అదే రికార్డును మళ్లీ విని రాయాలి. ఆ ఇంకొకర్ని రెండో చెవి అంటారు. పదో రోజున, చెల్లి విన్నవాటికి అక్క రెండో చెవిగా కూర్చుంది.

లోతుగా ఒక మూలుగు. దాని వెనకే, నిద్రమత్తులో పలికినట్టు, చిన్న జవాబు. అక్క కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే కడుపు మండింది. పన్నెండేళ్లు తను కూర్చుంటే ఓడలూ, ఆర్నెల్లది కూర్చుంటే తిమింగలాలూనా? ఆ కసిలో, ఎన్ని వేలసార్లు రాసిందో ఆ మాటే రాసి పడేసింది: దూరపు ఓడ ఇంజను.

సారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"ఆ వారం ఓడలే లేవు కదమ్మా?"

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మందుల మత్తు సార్, పొరపాటు పడుంటుంది," అంటూ చెల్లి అక్క భుజం మీద చెయ్యి వేసింది. ఆ జాలికి అక్క ఒళ్లు ఇంకా మండింది.

"పొరపాటైతే చిక్కేనమ్మా," అన్నారు సారు. "తిమింగలం మీకు ఓడలా వినబడితే, ఇన్నేళ్లుగా మీరు ఓడ అని రాసినవన్నీ ఎలా నమ్మను? పక్కన పెట్టాల్సిందే."

పొరపాటంటే పన్నెండేళ్లూ గంగలో కలుస్తాయి. నిజం చెబితే చెల్లి ముందు పరువు పోతుంది.

"పొరపాటు కాదు సార్. తల్లీ పిల్లా అని తెలిసే రాశాను. అది దీనికి దొరికిందని ఓర్వలేకపోయాను. నా పాత రాతలు మాత్రం తీసెయ్యకండి."

భుజం మీది చెయ్యి మెల్లగా లేచింది. సారు కాగితాలు తీసుకుని బయటికి వెళ్లిపోయారు.

"ఒక్క మాట చెప్తే, నీ పేరు మీదే రాసేదాన్ని కదక్కా," అంది చెల్లి.

ఆ మాట తను మాత్రం చచ్చినా అనగలిగేది కాదని అక్కకు తెలుసు. అది అనగలిగినందుకు కూడా చెల్లిని చూస్తే ఆమెకు అసూయే కలిగింది.