వెనక చక్రాల బురద

అల్లుడుగారికి ఒక జబ్బుంది. కంటికి కనిపించిందల్లా కడిగేస్తారు. రక్తపరీక్షల ల్యాబులో పన్నెండేళ్లుగా గాజుపలకలు తుడిచీ తుడిచీ ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. ఆ ఆదివారం కూడా కడిగారు. అదీ కథ.

ఆయన భార్య కాన్పులు చేసే నర్సు. కొండమీది ఇళ్లవాళ్లకు ఆమె ఒక్కతే దిక్కు. పోయిన వారం వానలో, బంకమట్టి మలుపు దగ్గర కారు జర్రున జారి, లోయ అంచుకు జానెడు దూరంలో ఆగింది. నాలుగు చక్రాలూ లాగాల్సిన బండి అది. వెనక రెండూ చేతులెత్తేశాయి. వాటికి బలం అందాలంటే కారు కింద ఒక చిన్న పంపు తిరిగి నూనెను ఒత్తిడితో తొయ్యాలి. ఆ పంపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కొత్తది రావాలంటే నెల పడుతుందని మెకానిక్ తేల్చేశాడు. కొండమీద ఒకామెకు సోమవారానికి నెలలు నిండుతున్నాయి.

"బాగైనా బాగవకపోయినా నేను వెళ్తాను. ఆవిడ నన్నే నమ్ముకుని ఉంది," అంది భార్య.

అల్లుడుగారికి వద్దనాలనిపించింది. ఆ లోయ అంచు ఆయన కళ్లముందు నుంచి పోవడంలేదు మరి.

"నేనోసారి చూడనా?" అన్నారు అత్తగారు.

ఆవిడ ముప్పై ఏళ్లు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసి రిటైరయ్యారు. అయితే మాత్రం! కుట్టుమిషనెక్కడ, కారెక్కడ! అల్లుడుగారు పైకి అనలేదుగానీ మొహంలో దాచుకోలేకపోయారు.

"అలా చూడకండి బాబూ. కారు నడపడం నాకు రాదు, నిజమే. విప్పడం వచ్చు," అన్నారావిడ నవ్వి.

శనివారం పొద్దున్నే కారును స్టాండ్ల మీదికెత్తి, కింద పాత చాప పరిచి, ఆవిడ వెల్లకిలా దూరారు. అరవై రెండేళ్ల మనిషి! పంపును పట్టి ఉంచేవి మూడు బోల్టులు. వాటికి తుప్పు వదిలించే నూనె కొట్టి బయటికొచ్చేశారు.

"ఇక రేపే."

"రేపా? టైము లేదండీ!"

"మనకు లేదు. నూనెకు కావాలి."

ఆదివారం ఉదయం అల్లుడుగారు పానా పట్టుకుని, బలంకొద్దీ విప్పబోయారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. "తుప్పుతో పంతానికి పోతే బోల్టు తల ఊడి చేతికొస్తుంది. ముందు ఒక్క పిసరు బిగించండి."

"బిగించడమా!"

"ఆ. బిగిస్తే తుప్పు పట్టు విరుగుతుంది. అప్పుడు విప్పండి."

టక్కుమంది. కదిలింది! అల్లుడుగారు చిన్నపిల్లాడిలా కేక పెట్టారు.

బోల్టులు బయటికి తీసేముందు అత్తగారు సుద్దతో ఏ బోల్టు ఏ రంధ్రానిదో అంకెలు వేశారు. పంపు ఎటు తిరిగి ఉండాలో, పంపుకూ అది కూర్చున్న గూటికీ కలిపి ఒక గీత గీశారు. అప్పుడు పంపు ఊడదీశారు. దాని జల్లెడ నిండా నల్లటి బంకమడ్డి. ఇరుసు చుట్టూ తుప్పు పెచ్చులు. ఆవిడ పాత టూత్‌బ్రష్షుతో, సన్నటి గరుకు కాగితంతో ఓపిగ్గా ఇరుసును మెరిపించి, ట్రాక్టర్ సామాన్ల కొట్టు నుంచి సరిగ్గా అదే కొలత రబ్బరు రింగు తెప్పించి తొడిగారు. వైర్లు పాత బ్యాటరీకి తగిలిస్తే పంపు జుయ్యిమంది. అల్లుడుగారి కళ్లు చెమర్చాయి.

"నడుం పట్టేసింది, పది నిమిషాలు వాలతాను," అని ఆవిడ లోపలికెళ్లారు.

ఆ పది నిమిషాల్లోనే జరిగింది ఘోరం. అల్లుడుగారికి మంచి చెయ్యాలనిపించింది. కిరసనాయిలు, బ్రష్షు తెచ్చి బోల్టులు, పంపు పైభాగం, కారు కింది గూడు, అన్నీ తళతళలాడేలా తోమి, తెల్ల తువాలు మీద వరసగా పేర్చారు.

అత్తగారు వచ్చి చూసి నిలబడిపోయారు. "నా సుద్ద గీతలేవి?"

ఆయన చేతిలోని బ్రష్షు వైపు చూసుకున్నారు. బోల్టుల్లో రెండు పొడవు, ఒకటి పొట్టి. పొడవుది లోతులేని రంధ్రంలో దిగితే గూడు పగులుతుంది. పంపు మూడువైపులా ఎటు తిప్పినా గూట్లో కూర్చుంటుంది, ఒక్కవైపే నూనెదారి కలుస్తుంది.

"నా చేతులు విరిచెయ్యాలండీ," అన్నారాయన.

"విరిచేస్తే ఇప్పుడు పానా ఎవరు పట్టుకుంటారు? లేవండి." ఆవిడ చీపురులోంచి ఒక పుల్ల పీకి, మూడు రంధ్రాల్లోనూ దింపి, గోటితో లోతు గుర్తుపెట్టి బోల్టులతో పోల్చారు. పొట్టిది ఎక్కడిదో తేలిపోయింది. "పంపు సంగతి మీరు చెప్పాలి. పొద్దస్తమానం మచ్చలు వెతికే కళ్లు మీవి. సుద్ద పోయిందిగానీ తుప్పు కొరికిన గుంటలు ఎక్కడికీ పోవు. చూడండి."

అల్లుడుగారు టార్చి పట్టుకుని కారు కింద దూరారు. గూటి అంచున అర్ధచంద్రాకారంలో గరుకుమచ్చ ఉంది. దాని మిగతా సగం పంపు అంచున బోల్టు దూరే చెవి మీద ఉంది. పంపును తిప్పి తిప్పి రెండు సగాలూ కలిపారు. గుండ్రంగా అతికింది.

"దొరికిందండీ!"

"దొరక్కేం చేస్తుంది!" అన్నారావిడ. ఇంత పెద్ద పనితనం ఇన్నాళ్లూ తన ఇంట్లోనే కూరగాయలు తరుగుతూ కూర్చుందా అని ఆయనకు సిగ్గేసింది.

సోమవారం ఉదయం సన్నగా వాన. బంకమట్టి ఎత్తు మొదట్లో అత్తా అల్లుడూ దిగిపోయారు. భార్య ఒక్కతే కారు ముందుకు పోనిచ్చింది. సరిగ్గా మలుపు దగ్గర ముందు చక్రాలు గిర్రున జారాయి. అల్లుడుగారు పరుగెత్తి కారు వెనక నిలబడ్డారు, ఆపగలిగినట్టు! అంతలో వెనక చక్రాలు మట్టిని కరిచి, దోసెడు బురద ఆయన తెల్లచొక్కా మీదికి చిమ్మి, కారును ఎత్తు మీదికి తోసేశాయి.

మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

రెండు రోజుల తర్వాత అత్తగారు దండెం వైపు చూసి ఆశ్చర్యపోయారు. "ఏం బాబూ, ఆ చొక్కా ఇంకా ఉతకలేదా?"

"లేదండీ," అన్నారు అల్లుడుగారు. "మీ గుర్తు ఒకసారి చెరిపేశాను. ఇంకోసారి చెరపను."