విలన్‌కీ బొట్టే

దసరాకు ఇల్లు దులుపుతారని తెలిసీ నేను మా కొట్టుకు పోయాను. తిరిగొచ్చేసరికి నా ఆస్తే కొట్టుకుపోయింది! మంచం కింద ట్రంకుపెట్టె ఖాళీ. చిన్నప్పుడు, ఎనిమిదో ఏటి నుంచి, యాంగోన్‌లో పబేడాన్ పేట ఫుట్‌పాత్‌ల మీద ఏరి కొన్న కామిక్స్ అవి. ఆరుగురు వీరుల జట్టు. ఆ బొమ్మల్లోని కండలు చూస్తూ పెరిగాను. పెరిగింది మాత్రం బొజ్జ.

"అమ్మా! పాతకాగితాలోడికి ఇచ్చీసేవేటి?" అని వీధంతా వినేలా అరిచాను.

"అరవకురా బాబ్జీ! ఇయ్యాల సరస్వతీ పూజ కాదేటి? ఇంట్లో పుస్తకాలన్నీ అమ్మోరి ముందెట్టీసేను," అంది మా అమ్మ.

పరుగెత్తాను. పీట మీద మా పిల్లల పాఠ్యపుస్తకాల పక్కనే నా వీరులు, ప్రతి నుదుటా కుంకుమతో! బొమ్మలన్నీ పాడయ్యాయనుకున్నాను. వంగి చూస్తే బొట్లన్నీ ప్లాస్టిక్ కవర్ల మీదే ఉన్నాయి. హమ్మయ్య, ఒక్క బొమ్మా పాడవలేదు.

"ఈ కొమ్ములోడు విలన్ గదే! ఈడికీ బొట్టెట్టేవేటి?"

"మహిషాసురుడు అమ్మోరి కాళ్ళకాడ లేడేటి? ఉండనీ."

పండగయ్యేదాకా ముట్టుకోకూడదు కనుక పీట ముందే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను, కళ్ళు తిప్పకుండా.

"నీకింత బక్తెప్పుడొచ్చిందిరా?" అంది అమ్మ.

"ఎనిమిదో ఏట," అన్నాను.