వీపు మీద గీత

ఉదయం నుంచి అది పదకొండో కాలు. చీము తుడిచి, గాజుగుడ్డ పెట్టి, ఎరుపు ఎంతవరకు పాకిందో చూసి, ఆ అంచు వెంబడే నీలం పెన్నుతో చర్మం మీద గీత గీశాడు.

"రేపటికి ఎరుపు ఈ గీత దాటితే పరిగెత్తుకు రా. దాటలేదా, మందు పనిచేస్తున్నట్టే. తగ్గింది కదా అని మధ్యలో మానేశావో, నీ కాలికి నేను పూచీ కాదు."

"అలాగే మావయ్యా," అంది ఆ కాలు తాలూకు అమ్మాయి. ఆస్పత్రిలో అందరికీ ఆయన గీతల మావయ్యే. అసలు పేరు జీతాల కాగితంలో ఉంది. పిలిచేవాళ్ళు లేక అక్కడే ఉండిపోయింది.

కట్లగదిలో పుళ్ళకు కట్లు కడుతూనే ముప్పై ఒక్కేళ్ళు గడిచాయి. ఆయన చేరిన కొత్తలో సెగగడ్డ కోసి చీము తీసి పంపేసేవారు, మరీ పాకితే చవక మాత్ర ఐదు రోజులు. ఇప్పుడు మొటిమంత గడ్డకైనా చీటీలో పెద్ద యాంటీబయాటిక్ మందే. ఆ పెద్ద మందూ ఈమధ్య మొరాయిస్తోంది, గీత దాటి తిరిగొచ్చే కాళ్ళు ఎక్కువయ్యాయి. ఒకసారి ఆ సంగతి డాక్టరమ్మ చెవిన వేశాడు. "ఏంటి, మందులు కూడా మీరే రాసేస్తారా?" అని ఆవిడ నవ్వింది. మళ్ళీ ఆయన నోరు మెదపలేదు.

ఇంత తెలిసిన మనిషి చేసిన పని చూడండి. వారం కిందట తన వీపు మీదే గడ్డ లేస్తే, చీటీ అడగడానికి మొహమాటపడి, రోగులు వదిలేసిపోయిన మాత్రల్లోంచి రెండ్రోజులకు సరిపడా ఏరుకుని మింగాడు. తగ్గినట్టే తగ్గింది. నిన్నటి నుంచి ఒకటే చలి, సలుపు.

వీపు తనకు కనబడదు. గీత గీయాలంటే ఇంకో మనిషి కావాలి. భార్య పోయిన తొమ్మిదేళ్ళలో ఆయన వీపు చూసినవాళ్ళు లేరు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక నర్సమ్మ బల్ల దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఒక గీత గియ్యాలి."

"ఎవరికి మావయ్యా?" రిజిస్టరు రాస్తూనే అడిగింది.

గుండీ మీదికి వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఎంతమంది పుళ్ళు విప్పి చూశాడో లెక్కలేదు, తన చొక్కా విప్పడానికి మాత్రం సిగ్గు ముంచుకొచ్చింది. "ఎవరికో లేమ్మా, నేనే చూసుకుంటా," అన్నాడు.

సాయంత్రం దారిలో ఒక చేతి అద్దం కొన్నాడు. గోడ అద్దానికి వీపు తిప్పి, దీన్ని ఎదురుగా పట్టుకుని, పెన్ను భుజం మీదుగా పోనిచ్చాడు. అద్దంలో చూస్తూ గీస్తుంటే పెన్ను ఎటో పోతోంది. సగం గీసేసరికి చెయ్యి అందలేదు. మిగతా సగం రేపు నర్సమ్మనే అడగాలని గట్టిగా అనుకుని, వణుకుతూ మంచం మీద వాలాడు.

మర్నాడు పదైనా కట్లగది తలుపు తీయలేదు. ఇల్లు కనుక్కుంటూ నర్సమ్మే వెళ్ళింది. బోర్లా పడుకుని ఉన్నాడు, ఒళ్ళు ఎప్పుడో చల్లబడిపోయింది. వీపు మీద సగం గీత, దాన్ని దాటి నడుము దాకా కమిలిన చర్మం.

"నిన్న నన్నే అడిగారు," అంది ఆమె, తలుపు దగ్గర మూగిన ఇరుగుపొరుగుతో. "నేను తలెత్తి చూడలేదు."

మంచం పక్కన కుర్చీలో కొత్త అద్దం ఉంది, ధర కాగితం ఇంకా ఊడదీయలేదు, అంచు మీద నీలం సిరా వేలిముద్ర ఒకటి.