ఎంకన్న కళ్ళు ఎరుపెక్కిన ఫోటో

మా ఆయన ఎంకన్న రమ్ము వాసన తగిలితేనే ముక్కు మూసుకునే మనిషి. మా ఊరు బ్రిజే వెర్దియేర్ గుడిలో రామభజనకు ముందు లేచే గొంతు ఆయనదే. మా చెరకు దీవికి స్వతంత్రం వచ్చే రోజున జెండా కింద భజన ఎవరు నడపాలో గుడి కమిటీ తేల్చాలి. ఆ ఒక్క రోజు తనదవ్వాలని ఆయన ఆశపడ్డాడు. ఆశపడటం తప్పా?

ఉగాదికి కమిటీ పెద్ద జగ్గయ్యకు రంగుల ఫోటో మోజు పుట్టింది. సెయింట్ పియర్ నుంచి ఫోటోలు తీసే జీన్‌ను పిలిపించాడు. మా భజన దీపం చుట్టూ కదా, బల్బులన్నీ ఆర్పేశారు. జీన్ కెమెరా నెత్తిన ఫ్లాష్ బిగించి టప్పున కొట్టాడు. ఆ చీకట్లో మా ఆయన ఒక్కడే బుద్ధిగా కెమెరాలోకి చూశాడు. కమిటీవాళ్ళ చూపులన్నీ అతిథిగా వచ్చిన చెరకు ఎస్టేటు దొర మీదే.

ఫిల్ము కడగడానికి సముద్రాలు దాటి వెళ్ళి, చలికాలానికి ఫోటో అయి వచ్చింది. అందులో మా ఆయన కళ్ళు నిప్పుకణికలు!

"బోందియే! గెత్ సో లిజ్యే రూజ్!" అని దీవి భాషలో అరిచాడు జగ్గయ్య. "కళ్ళు ఎంత ఎర్రగున్నాయో చూడండయ్యా! పైకి రాముడు, లోపల రమ్ము!"

నాకు ఒళ్ళు మండిపోయింది. శనివారం వస్తే ఈ జగ్గయ్యను రమ్ము దుకాణం నుంచి మోసుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టేది ఎవరు? మా ఆయనే!

జీన్ పాపం ఉన్నమాట చెప్పాడు. చీకట్లో కంటిపాప విచ్చుకుంటుందట. ఫ్లాష్ లెన్సును అంటుకుని ఉంటే వెలుగు కంటి వెనక నెత్తురుకు తగిలి తిన్నగా తిరిగొస్తుందట. లైట్లు వేసినా, లెన్సులోకి చూడకపోయినా ఎరుపు తగ్గుతుందట.

"దీపం ముందు బల్బా? అపచారం!" అన్నాడు జగ్గయ్య. "ఇంకో ఫోటో తియ్యి. తాగనోడికి భయమేంటి? మేం తిన్నగానే చూస్తాం."

మళ్ళీ చీకటి చేశారు. కమిటీ అంతా గుడ్లు మిటకరించింది. మా ఆయన మాత్రం జీన్ మాట విని గోడకేసి చూశాడు.

స్వతంత్రం దగ్గరపడుతుండగా ఆ ఫోటో వచ్చింది. కమిటీ మొత్తానికి ఎర్ర కళ్ళే! మా ఆయనవి నల్లగా, చక్కగా ఉన్నాయి.

"ఇప్పుడేమంటావు జగ్గయ్యన్నా?" నడుం మీద చేతులు వేసుకుని అడిగాను. నాకు నవ్వు ఆగలేదు.

జగ్గయ్య ఫోటోను తిప్పి తిప్పి చూశాడు. తర్వాత కళ్ళకద్దుకున్నాడు.

"భక్తి చెల్లెమ్మా, భక్తి! రాముడి తేజస్సు మా కళ్ళల్లోకి దిగింది. మరి ఎంకన్న కళ్ళో? ఆరిపోయిన బొగ్గులు! అట్లాంటోడి చేత జెండా కింద ఎట్లా పాడిస్తాం?"

కమిటీ తలలూపింది. ఆ ఫోటోకు పటం కట్టించి, పూలదండ వేసి గుడిలో తగిలించింది. సిగ్గూ శరం ఉంటేగా!

స్వతంత్రం రోజున జగ్గయ్య జెండా కింద నిలబడి గాడిద ఓండ్రపెట్టినట్టు పాడాడు. మా ఆయన వెనక వరసలో కూర్చుని, ఆ కూతకు తాళం వేస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"ఆ తాళాలు విసిరికొట్టి రావయ్యా!" అన్నాను.

"దేశం కొత్తది పాపమ్మా," అన్నాడాయన చేతులు ఆపకుండా. "మొదటి రోజే తాళం తప్పితే ఎట్లా?"