మూడో కుట్టు

నాలుగో నెల కడుపుతో ఉన్న ఆడదానికి సరిపడే బట్ట ఈ భూప్రపంచంలో ఎవరూ నెయ్యలేదని నాకు తొంభై ఏడో సంవత్సరంలో అర్థమైంది. ఎనిమిదో నెలలో బాధే లేదు. ఏం కట్టుకున్నా అందరికీ తెలిసిపోతుంది, బస్సులో లేచి సీటిస్తారు. నాలుగో నెలలో మాత్రం జనం ముందు మన నడుం వంక, తర్వాత మన చేతిలోని టిఫిను క్యారేజీ వంక చూసి, బాగానే లాగిస్తోంది అనుకుంటారు.

అనుకుంటే అనుకోనీ. కడుపుతో ఉన్నానని మాత్రం ఎవరికీ తెలియకూడదు. అలాగని ధాన్యం బస్తాలా కనబడడానికీ మనసొప్పదు. ఈ రెండూ కుదిరే గుడ్డ కావాలి, అదీ ఇరిగేషన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు జీతంలో.

ఎందుకు తెలియకూడదో చెప్పాలంటే మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ పేరు సంతోషమ్మ. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. రెండేళ్ళ క్రితం నాకు నెల తప్పిందని తెలిసిన మొదటి ఆదివారమే, ధవళేశ్వరంలో మా చర్చిలో పాస్టరు గారు "ప్రార్థన అవసరతలు ఎవరికైనా ఉన్నాయా" అని అడగ్గానే లేచి నిలబడ్డారు. "మా కోడలు కృపారాణికి రెండో నెలండి. క్షేమంగా ఉండాలని ప్రార్థన చెయ్యండి" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను పాటల పుస్తకంలో తలదూర్చాను.

మూడో నెలలో పోయింది. అప్పుడు ప్రార్థన చేసినవాళ్ళందరూ ఓదార్చడానికి వచ్చారు. బత్తాయిలు, రొట్టెలు, హార్లిక్సు సీసాలు. వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటినుంచీ చెప్పాలి. పద్దెనిమిది మందికి చెప్పాను. పద్దెనిమిదో ఆవిడ వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళి, "మీరు నోరు మూసుకుని ఉంటే నాకీ గతి పట్టేది కాదు" అన్నాను. మా అత్తగారు పొయ్యి మీది పాలు దించి పెరట్లోకి వెళ్ళిపోయారు. నేనన్నది అబద్ధమని అంటున్నప్పుడే నాకు తెలుసు. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

అందుకని ఈసారి ఐదో నెల వెళ్ళేదాకా మూడోవాళ్ళకి తెలియకూడదని మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. మా ఆయన ప్రేమ్ కుమార్ కడియంలో టీచరు. అబద్ధం ఆడడం చేతకాదు కాబట్టి ఆయన వాళ్ళమ్మతో మాట్లాడడమే తగ్గించేశారు.

నేను దాచినా జాకెట్లు దాచలేదు. మూడో నెల చివరికి పై రెండు హుక్కులు పట్టడం మానేశాయి. ఒక రోజు ఆఫీసులో పర్మిషను పెట్టి, బస్సెక్కి రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్లోకి వెళ్ళాను.

"ఎవరికండి చీర?" అన్నాడు సేల్స్‌మన్. నలభై ఏళ్ళవాడు. నుదుట బొట్టు, మెళ్ళో టేపు, చొక్కా గుండీల మధ్య నుంచి బయటికి చూస్తున్న బొజ్జ.

"మా అక్కకి. నాలాగే ఉంటుంది. ఈమధ్య నడుం దగ్గర కొంచెం ఒళ్ళు చేసింది."

చీర ఎలా పడుతుందో చూపించడానికి అతను కుచ్చిళ్ళు పోసి, పైట తన భుజానే వేసుకుని నిలబడ్డాడు. ఆ బొజ్జ చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. అచ్చంగా ఐదో నెల.

"ఒకసారి పక్కకి తిరగండి" అన్నాను.

తిరిగాడు.

"ఊపిరి బిగపట్టకండి. మామూలుగా వదిలెయ్యండి."

వదిలేశాడు. జార్జెట్టు అతుక్కుపోయి ఉన్నదున్నట్టు చూపించింది. గంజి పెట్టిన కాటను విచ్చుకుని మనిషిని మూడింతలు చేసింది. పాలియెస్టరు చీరలో బొడ్డుతో సహా కనబడింది. ఈలోగా బేరానికొచ్చిన ఆడవాళ్ళు నలుగురు చుట్టూ చేరి, పైట ఇటు లాగండి, కుచ్చిళ్ళు కిందికి దోపండి అని అతనికి సలహాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆరో చీర వంకాయ రంగు మైసూరు క్రేపు. అది కట్టగానే బొజ్జ మాయమైపోయింది. నలుగురూ ఒక్కసారే "ఆఁ, ఇదీ" అన్నారు. అతను కూడా అద్దంలో చూసుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఎంతండి?"

"తొమ్మిది వందల యాభై అండి."

నా దగ్గర మూడొందలు ఉన్నాయి. అక్కకి వంకాయ రంగంటే పడదని చెప్పాను. అతను చీర విప్పి మడత పెడుతూ, "పోనీలెండి. నా మీద మాత్రం బానే ఉందండి" అన్నాడు. ఆ నిట్టూర్పు వింటే నాకే జాలేసింది.

చివరికి పక్క సందులో ఫ్రీ సైజు పంజాబీ డ్రెస్సు ఒకటి కొనుక్కుని వచ్చాను. ఇంటికొచ్చి తొడుక్కుంటే మా ఆయన చూసి, "ఇందులో ఇద్దరు పడతారు" అన్నారు.

"ఇద్దరమే ఉన్నాం" అన్నాను విసుగ్గా. తీరా చూస్తే మా అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు.

పంజాబీ డ్రెస్సులు కాలేజీ పిల్లలు వేసుకునేవి, పెళ్ళైనవాళ్ళకి ఇదేం పొయ్యేకాలం అని వీధిలో అందరినీ అనే మనిషి ఆవిడ. ఎగాదిగా చూసి, "బానే ఉందమ్మా. చున్నీ కొంచెం ముందుకి లాక్కో" అని వెళ్ళిపోయారు. వయసు మీద పడుతోంది, చూపు తగ్గినట్టుంది అనుకున్నాను.

ఆ తర్వాత ఇంకో వింత జరిగింది. పట్టని జాకెట్లన్నీ ఒక్కొక్కటే మళ్ళీ పట్టడం మొదలుపెట్టాయి. సాయంకాలం బజ్జీలు మానేసిన ఫలితం అనుకుని పొంగిపోయాను. బజ్జీలు మానేసి నాలుగు రోజులే అయిందన్న సంగతి పట్టించుకోలేదు.

మా అత్తగారి పద్ధతి మాత్రం నాకు చిరాకు తెప్పించేది. ప్రతి ఆదివారం ప్రార్థన అవసరతల దగ్గర ఆవిడ లేవడం, నా పై ప్రాణాలు పైనే పోవడం. లేచి, "కుడి మోకాలు నెప్పండి" అని కూర్చునేవారు. మర్నాడు చూస్తే రెండు చేతులా రెండు బకెట్లతో మెట్లెక్కేవారు. తర్వాతి వారం నడుం. ఆ తర్వాత పన్ను. ఆ పన్నుతోనే మధ్యాహ్నం జంతికలు నమిలారు.

అప్పుడు వచ్చింది మా చర్చి స్త్రీల సమాజం పాతికేళ్ళ పండుగ. నలభై మంది ఆడవాళ్ళం ఒకే రకం చీరలు కట్టుకుని, వరసగా నిలబడి పాట పాడాలి. తెల్ల చీర, నీలం అంచు, నీలం జాకెట్టు. జాకెట్లన్నీ టైలరు బుల్లియ్య దగ్గర. బుల్లియ్య ఆడవాళ్ళ కొలతలు తియ్యడు. ఆది జాకెట్టు, అంటే మనకి సరిపోయే పాతదొకటి ఇస్తే దాన్ని చూసి కుడతాడు. నేను ఆది ఇచ్చింది నెల తప్పకముందు. ఇప్పుడు వెళ్ళి వదులుగా కుట్టమంటే ఎందుకని అడుగుతాడు. ఆ కొట్టు వినని కబురు ధవళేశ్వరంలో లేదు. పండుగ దగ్గరపడుతున్న కొద్దీ నాకు నిద్ర పట్టలేదు. హుక్కులు తెగి నలభై మంది మధ్య బయటపడతానేమోనని కాదు. మళ్ళీ ఏదైనా జరిగితే మళ్ళీ పద్దెనిమిది మందికి చెప్పాలి. అది నా వల్ల కాదు.

పండుగ రోజు భయపడుతూనే జాకెట్టు తొడిగాను. హుక్కులన్నీ పట్టాయి. చంకల దగ్గర ఒరుసుకోలేదు, ముందు బిగుతు లేదు. అద్దంలో చూసుకుంటే బాగున్నాను కూడా. బుల్లియ్య చేతికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

పాట బాగానే జరిగింది. తర్వాత పాస్టరు గారు ప్రార్థన అవసరతలు అడిగారు. మా అత్తగారు లేచారు. నా వంక చూశారు. నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగారు.

"మెడ నరం పట్టేసిందండి" అని కూర్చున్నారు.

"సంతోషమ్మగారికి వారం వారం జబ్బులు పెరుగుతున్నాయి, సంఘమంతా బలంగా ప్రార్థన చెయ్యాలి" అన్నారు పాస్టరు గారు.

భోజనాల దగ్గర బుల్లియ్య కనబడితే, "జాకెట్టు చాలా బాగా కుదిరిందండి" అన్నాను.

"ఆయ్, నాదేముందండి" అన్నాడు బుల్లియ్య. "మీ అత్తగారొచ్చి ముందిచ్చిన ఆది పట్టుకుపోయేరండి. వేరేది తెచ్చిచ్చి దీన్ని చూసి కుట్టు అన్నారు. లోపల నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ వదలమన్నారండి. ఎందుకండీ అంటే, చెప్పింది కుట్టు అని కేకలేసేరండి."

చేతిలో ముద్ద విస్తట్లోనే వదిలేశాను. ఇంటికి వచ్చి నా పాత జాకెట్లన్నీ తీసి తిరగేసి చూశాను. మా వైపు జాకెట్టుకి పక్కల మూడేసి కుట్లు వేస్తారు. ఒళ్ళు వచ్చేకొద్దీ లోపలి నుంచి ఒక్కోటీ విప్పుకుంటాం. నా జాకెట్లన్నిటికీ రెండు కుట్లు విప్పేసి ఉన్నాయి. గుడ్డ మీద సూది బెజ్జాలు మాత్రం మిగిలాయి. బయటి కుట్టు ఒక్కటే ఉంది. ఉతికిన బట్టలు మడతపెట్టేది మా అత్తగారే. నేను మానేసిన బజ్జీల గొప్ప అంతా ఆవిడ బ్లేడుదే.

జాకెట్టు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు.

"ఎప్పటినుంచి తెలుసు అత్తయ్యా?"

"నువ్వు ఆవకాయ వాసనకి ముక్కు మూసుకున్న కాణ్ణించి."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా." ఆవిడ తలెత్తలేదు. "ప్రతి ఆదివారం చెప్పేద్దామనే లేస్తున్నానమ్మా. లేచేక నీ మొహం చూసి ఏదో ఒకటి చెప్పి కూర్చుంటున్నాను. పోయినసారి నా నోరే కదా..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు. పక్కన కూర్చున్నాను. కూర్చోవడం అప్పటికే కొంచెం కష్టంగా ఉంది.

"అది అబద్ధం అత్తయ్యా. మీ నోటి వల్ల పోలేదు. అంటున్నప్పుడే నాకు తెలుసు. అయినా అన్నాను. రెండేళ్ళు అలాగే ఉంచేశాను."

"డాక్టరమ్మ గారూ అదే చెప్పేరు. నేను వెళ్ళి అడిగేను." బెండకాయ తొడిమ తీసి పక్కన పెట్టారు. "అయినా నువ్వు చెప్తే వేరు కదమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఇద్దరం ఉల్లిపాయలు లేకుండానే కాసేపు కళ్ళు తుడుచుకున్నాం.

"వచ్చే ఆదివారం మీరే లేచి చెప్పండి" అన్నాను. "నేనేం అనుకోను. తల కూడా దించుకోను."

ఆవిడ జాకెట్టు నా చేతిలోంచి తీసుకుని మూడో కుట్టు వేలితో తడిమి చూశారు. పక్కన ఇంకా ఎంత గుడ్డ మిగిలిందో కొలుచుకున్నారు. తర్వాత కత్తిపీట దగ్గరికి లాక్కున్నారు.

"ఐదో నెల వెళ్ళనీ" అన్నారు. "నాలుగు వారాలేగా. చెప్పుకోడానికి ఎడం మోకాలు ఇంకా మిగిలే ఉంది."