ఏడో నిబంధన

అమలాపురంలో కార్ల పందేల క్లబ్బు ఒకటుండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఉండేది. తొంభై మూడులో తొమ్మిది మంది కలిసి పెట్టారు. మూడు మారుతీలు, రెండు ఫియట్లు, ఒక జిప్సీ, రెండో పంట దాళవా కోతలయ్యాక ఎండిపోయిన చేను ఒకటి, అదే వాళ్ళ ఆస్తి. చేలో దారి గుర్తుకి కొబ్బరిబొండాలు వరసగా పెట్టేవారు. బండి ఏ బొండానికి తగిలినా లెక్కలో అయిదు సెకన్లు కలిపేసేవారు. పందెం అయిపోయాక ఆ బొండాలే కొట్టించుకు తాగి ఇళ్ళకి పోయేవారు.

ఆ క్లబ్బుకి శ్రీరామచంద్రమూర్తి కార్యదర్శి. అంబాజీపేట రోడ్డులో కొబ్బరికాయల కొట్టు, ఊళ్ళో పదెకరాల తోట ఉన్న మనిషి. బండి నడపడం అంతంత మాత్రమే, మలుపు కనపడితే బ్రేకు మీద నిలబడే రకం. రూల్సు రాయడంలో మాత్రం అతన్ని మించినవాడు జిల్లాలో లేడు. మద్రాసులో ఏదో పాత క్లబ్బు నిబంధనల పుస్తకం తెప్పించి, పది రోజులు కూర్చుని మొత్తం తెలుగులోకి దింపేశాడు. తర్వాత రాజోలులో ఒక క్లబ్బు, మండపేటలో రైసుమిల్లులవాళ్ళది ఇంకో క్లబ్బు పుట్టుకొస్తే వాళ్ళకీ అతనే రాసిచ్చాడు. సొంత కారు లేనివాణ్ణి రాజోలువాళ్ళు చేర్చుకోరు. మండపేటలో ఇద్దరు సభ్యులు పూచీ పడాలి. మూడింటికీ కలిపి ఒకటుంది: ఒక క్లబ్బు కాదన్న మనిషిని మిగతా రెండూ అయిదేళ్ళదాకా గడప తొక్కనివ్వకూడదు.

అసలు చిక్కంతా మూడు పుస్తకాల్లోనూ ఉన్న ఏడో నిబంధనతో వచ్చింది. 'జీతానికి గాని బాడుగకి గాని వాహనం నడిపినవారు, ఆ పని మానిన పన్నెండు నెలలదాకా సభ్యత్వానికి అనర్హులు. అట్టి అభ్యర్థికి ఆ గడువులో బాడుగ ఇచ్చిన సభ్యుడు పదవిలో కొనసాగరాదు.' ఇవి సరదాకి నడిపేవాళ్ళ పందేలు, పొట్టకూటికి నడిపేవాళ్ళు రాకూడదన్నది దొరల కాలంనాటి పట్టింపు. మూర్తికి ఆ వాక్యం గంభీరంగా కనపడింది, ఎత్తి రాసేశాడు. ఆ రాత ఎవరి మెడకి చుట్టుకుంటుందో ఆలోచించిన పాపాన పోలేదు.

కొండబాబు గడియారస్తంభం దగ్గర అంబాసిడర్ టాక్సీ తోలేవాడు. క్లబ్బులో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది అతనే, మూర్తితో సహా. తొంభై అయిదు వేసవిలో పందెం రోజున దారి సరిగ్గా ఉందో లేదో చూడమని కేశవరావు తన మారుతీ తాళాలు అతని చేతికిచ్చాడు. కేశవరావు మండపేట మిల్లు యజమాని, నోరు పెద్దది, మనసు మంచిది. సభ్యుల్లో అందరికన్నా బాగా నడిపినవాడికి డెబ్భై ఒక్క సెకన్లు పట్టిన దారిని కొండబాబు యాభై ఎనిమిదిలో చుట్టి వచ్చాడు. ఒక్క బొండం కదల్లేదు.

"ఇతన్ని మనం ఇక్కడ ఉంచుకోవడం అన్యాయవండీ మూర్తిగారూ," అన్నాడు కేశవరావు. "మద్రాసు పందేలకి పంపుదాం. బండి నేనిస్తాను."

మద్రాసులో పందెం తోలాలంటే వేరే రేసు లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే ఏదో ఒక క్లబ్బు సభ్యుడై ఉండాలి, ఆ కాగితం మీద కార్యదర్శి సంతకం ఉండాలి. ఆ సాయంత్రం కొండబాబు కొట్టుకి వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"అక్కడ రోడ్డు మీద ఎదురుబండి ఉండదంటండి. గేదెలుండవు, సైకిళ్ళుండవు. అందరూ ఒకేపు పోతారంట. నా జన్మలో ఒక్కసారి అలాంటి రోడ్డు మీద తోలాలనుందండి."

మూర్తి పుస్తకం తీసి ఏడో నిబంధన చదివి వినిపించాడు. "ఏడాదిపాటు టాక్సీ మానెయ్ కొండబాబూ. ఒక్క బాడుగ కూడా ముట్టుకోకు. ఏడాది తిరిగేసరికి నా చేత్తో నేనే సంతకం పెడతాను. నాదీ పూచీ."

"ఆయ్," అన్నాడు కొండబాబు.

అన్నవాడు అన్నట్టే చేశాడు. బండి మీద అప్పు తీరాక, తొంభై ఆరు ఫిబ్రవరిలో అంబాసిడర్‌ని పాకలోకి తోసి తాటాకులు కప్పాడు. మూర్తి కొట్లోనే గునపం పాతుకుని కొబ్బరికాయలు వలిచే పనికి కుదిరాడు. స్టీరింగు పట్టిన అరచేతులు కాయలు కాచి పగిలాయి. ఈ వయసులో ఇదేం పిచ్చని భార్య తులసి తిట్టిపోసింది. గడియారస్తంభం దగ్గర తోటి డ్రైవర్లు రేసుబాబుగారని పేరు పెట్టి ఏడిపించారు. నవ్వి ఊరుకునేవాడు.

నవంబరులో తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ తుఫాను గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి మూర్తి తోటలో నిలబడ్డ చెట్టు కన్నా పడ్డ చెట్టే ఎక్కువ. అతని ఫియట్ మీద కూడా ఒక చెట్టు అడ్డంగా పడుంది. అదే సమయంలో అతని తల్లి వెంకటరమణమ్మకి గుండెలో నొప్పి మొదలైంది. ఫోన్లు లేవు, కరెంటు లేదు. మూర్తి మోకాల్లోతు నీళ్ళలో పడి కొండబాబు ఇంటికి పరుగెత్తాడు. పాక కూలి తాటాకులన్నీ అంబాసిడర్ మీదే ఉన్నాయి. కొండబాబు మారుమాట లేకుండా వాటిని లాగి పారేసి బండి తీశాడు.

మూర్తి తల్లిని ఎక్కించుకుని బయల్దేరితే రోడ్డు మూసుకుపోయి ఉంది. కాలవగట్టు మీద పోనిచ్చాడు. ఒక పక్క కాలవ, ఒక పక్క మునిగిన చేలు. రెండు మైళ్ళు పోయాక అడ్డంగా చెట్టు. తిప్పుకోవడానికి చోటు లేదు. కొండబాబు తల వెనక్కి తిప్పి, వెనకసీట్లో మూలుగుతున్న పెద్దావిడ భుజం మీదుగా చూస్తూ, మైలు దూరం రివర్సులో వెనక్కొచ్చి ఇంకో గట్టు పట్టుకున్నాడు. చక్రం ఒక్క జానెడు జారితే అందరూ కాలవలోకే. మూర్తి కళ్ళు మూసుకున్నాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే తన చేతిలో ఉండేది కాదని ఆస్పత్రిలో డాక్టరుగారు అన్నారు.

అప్పుడు చేశాడు మూర్తి ఆ పని. పనివాడి రుణం పొద్దుగూకేదాకా ఉంచుకోకూడదని వాళ్ళ నాన్న నేర్పిన మర్యాద. ఊరికే చేయించుకున్నాడనే మాట వాళ్ళింట్లో ఎవరూ పడలేదు. జేబులో తడిసిన నోట్లు మూడుంటే తీసి కొండబాబు చొక్కా జేబులో కుక్కాడు.

"ఒద్దండి, ఇప్పుడొద్దండి," అన్నాడు కొండబాబు.

"ఉంచవోయ్. నాకు మాట తేకు."

 కొండబాబు నోట్లు జారిపోకుండా జేబు మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగిపోయాడు. ఇచ్చిన తృప్తితో మూర్తి తల్లి మంచం దగ్గరికి వెళ్ళాడు. ఏడో నిబంధన అతనికి గుర్తుకే రాలేదు. రాసినవాడికే గుర్తు రాలేదంటే ఏమనుకోవాలి.

మరుసటి ఏడాది మార్చిలో కమిటీ కూర్చుంది. కొట్టు మేడ మీద గదిలో తొమ్మిది మంది సభ్యులు, రాజోలు నుంచి ఒకరు, మండపేట తరఫున కేశవరావు. కొండబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. చివరగా ఒక ప్రశ్న అడిగి జవాబు రాసుకోవాలి. మూర్తి మామూలు గొంతుతోనే అడిగాడు.

"గడిచిన పన్నెండు నెలల్లో బండి తోలి ఎవరి దగ్గరయినా డబ్బు తీసుకున్నావా?"

"లేదని చెప్పెయ్యవయ్యా, భోజనాలకి లేవాలి," అన్నాడు కేశవరావు.

కొండబాబు తల దించుకున్నాడు. "ఆయ్. ఒక్కసారి తీసుకున్నానండి."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. కేశవరావు కుర్చీలోంచి లేచాడు. "ఎవరి దగ్గరయ్యా? ఎవరిచ్చేరు? పేరు చెప్పు, కనుక్కుందాం."

కొండబాబు తలెత్తి మూర్తి వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. "అది నేను చెప్పలేనండి," అన్నాడు.

మూర్తికి తల కొట్టేసినట్టయింది. తడిసిన నోట్లు, ఆస్పత్రి మెట్లు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. నేనే ఇచ్చానని అంటే చాలు. కాని రెండేళ్ళ కిందట రాజోలు కార్యదర్శి సభ్యత్వానికి రాసుకున్న ఒక డ్రైవరుకి పెట్రోలు డబ్బిచ్చాడని తెలిసి, ఇదే ఏడో నిబంధన చూపించి, అందరి ముందూ కడిగేసి అతన్ని పదవి నుంచి దింపించింది మూర్తే. మా నాన్న అడ్డొచ్చినా రూలు రూలేనని ఆ రోజు బల్లగుద్ది చెప్పాడు. ఇప్పుడు ఆ రాజోలు క్లబ్బు మనిషే ఎదురుగా కూర్చుని ఉన్నాడు.  ఇంకో నిమిషం ఆగి చెబుదామనుకున్నాడు మూర్తి. ఆ నిమిషం కాస్తా దాటిపోయింది. పెన్ను తీసి తన గుండ్రటి అక్షరాలతో 'తిరస్కరించడమైనది' అని రాశాడు.

కొండబాబు ఒక్కొక్కరికీ పేరు పేరునా వెళ్ళొస్తానండి అని చెప్పి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. అమలాపురం కాదంటే రాజోలూ లేదు, మండపేటా లేదు. అయిదేళ్ళంటే అతనికి నలభై అయిదు నిండుతాయి. నెల తిరక్కుండా అంబాసిడర్ అమ్మేసి, ఏజెంటుకి డబ్బు కట్టి, కువైట్‌లో ఒకరింట్లో డ్రైవరుగా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మూర్తి మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా ఏ రూలూ చదవలేకపోయాడు. వెంకటరమణమ్మ ఇంకో అయిదేళ్ళు బతికింది. నన్ను గట్టు మీద మోసుకొచ్చిన అబ్బాయిని మీ క్లబ్బులో చేర్చుకున్నావా అని అడుగుతూనే ఉండేది. చేర్చుకున్నానమ్మా అని అబద్ధం ఆడేవాడు. క్లబ్బు కూడా నిలవలేదు. ఒకడు హైదరాబాదు పోయాడు, ఒకడు చెరువులు తవ్వించి రొయ్యల్లో పడ్డాడు, పందేల చేను ఇళ్ళస్థలాలైపోయింది. పదవి కోసం నోరు మూసుకున్న మనిషికి చివరికి మిగిలింది ఒక రబ్బరు స్టాంపు. అది చూసినప్పుడల్లా మూర్తికి తన మీద తనకే అసహ్యం వేసేది.

రెండువేల ఎనిమిదిలో మద్రాసు నుంచి ఒక కవరు వచ్చింది. రూల్సు మారాయట. సరదాకి నడిపేవాళ్ళు, జీతానికి నడిపేవాళ్ళు అనే తేడా తీసేశారట. ఎవరైనా నేరుగా లైసెన్సుకి రాసుకోవచ్చట. లోపల ఖాళీ దరఖాస్తు కూడా ఉంది. కొండబాబు తిరిగొచ్చి రాజోలు రోడ్డులో డాబా కట్టుకున్నాడని మూర్తి అప్పటికే విన్నాడు, వెళ్ళడానికే మొహం చెల్లలేదు. ఆ కాగితం చేతిలో పడ్డాక ఇక ఆగలేకపోయాడు.

కొండబాబు అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది, కళ్ళకి దళసరి అద్దాలు. గొంతు విని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "రండి మూర్తిగారూ, రండి. కూర్చోండి. తులసీ, మూర్తిగారొచ్చేరు."

తులసి వచ్చి మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. మూర్తి మొహం వైపు చూడలేదు. లోపలికి వెళ్ళి గుమ్మం వెనక నిలబడింది.

మూర్తి దరఖాస్తు తీసి చేతిలో పెట్టి, రూల్సు మారిన సంగతంతా గబగబా చెప్పాడు. కొండబాబు ఆ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"సుగరండి. ఎడం కన్ను పోయింది, కుడిది సగవుంది. రోడ్డు దాటడానికే తులసి చెయ్యి పట్టుకుంటానండి," అన్నాడు నవ్వుతూ.

 మూర్తి పదకొండేళ్ళుగా మనసులో నలుగుతున్నది అడిగేశాడు. "ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదు కొండబాబూ?"

"మీరే చెప్తారనుకున్నానండి."

మూర్తి తల దించుకున్నాడు.

"ఆ డబ్బు బాడుగేనండి," అన్నాడు కొండబాబు మెల్లిగా. "తుఫానుకి ఇంట్లో బియ్యం కొట్టుకుపోయేయి. ఒద్దంటూనే తీసుకున్నాను. అబద్ధం ఎలా ఆడతానండి. అవి జేబులో పడ్డప్పుడే లైసెన్సు రాదని తెలుసు. అయినా ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మీ మెట్లెక్కేను. మీరు లేచి, నేనే ఇచ్చేనండీ అంటారు, అది వింటే చాలనుకున్నాను. పందెం తోలకపోయినా పర్లేదనుకున్నానండి."

మూర్తి కళ్ళు తుడుచుకున్నాడు. తప్పయిపోయిందని అన్నాడు. ఆ మాట అతనికే చాలా చిన్నదిగా వినపడింది.

కొండబాబు దరఖాస్తుని వేలితో తడుముతున్నాడు. "ఇందులో ఏం అడిగేరండి? చదవండి."

మూర్తి ఒక్కొక్కటే చదివాడు. పేరు, ఊరు, వయసు, రక్తం గ్రూపు. పదకొండో గడి దగ్గర ఆగిపోయాడు.

"ఆగేరేంటండి?"

"'ఇంతకుముందు ఏ క్లబ్బయినా మిమ్మల్ని తిరస్కరించిందా? అయితే కారణం,' అనుంది."

"అదొక్కటీ నింపండి. మీ అక్షరాలు గుండ్రంగా బాగుంటాయి."

"పంపేది లేదు కదా కొండబాబూ."

"పంపక్కర్లేదండి. రాయండి."

మూర్తి జేబులోంచి పెన్ను తీశాడు. అక్షరాలు గుండ్రంగా రాలేదు. రాయడం అయ్యాక, పైకి చదవమని కొండబాబు అడిగాడు. గుమ్మం వెనక నుంచి తులసి ఇవతలికి వచ్చింది.

"'అమలాపురం క్లబ్బు, 1997. అభ్యర్థి నిజం చెప్పినందుకు తిరస్కరించారు. బాడుగ ఇచ్చింది కార్యదర్శి శ్రీరామచంద్రమూర్తి. ఇచ్చి, కమిటీ ముందు చెప్పలేదు.'"

కొండబాబు కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంకోసారి చదవండి," అన్నాడు.

మూర్తి ఇంకోసారి చదివాడు.